మంగళవారం మూసిన కొట్లు

విజయనగరంలో గజపతినగరం బస్సెక్కితే, పక్క సీట్లో ఒక కిరాణా వ్యాపారి ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతున్నాడు.

“ఒరే బావా, కొట్టు కట్టీసినావేటి?”

“కట్టీసినాన్రా.”

“ఉత్తి మాటలొద్దు. షట్టరు సప్పుడు ఇనిపించు.”

అవతల నవ్వు, వెనకే గడగడమని షట్టరు దిగిన చప్పుడు. ఆయన “హమ్మయ్య” అని వెనక్కి వాలాడు.

ఆ బావదీ ఈయనదీ ఎదురెదురు కొట్లట. అవతలివాడు మూస్తేగాని తాను మూయనని పంతం పట్టి, ఏళ్ల తరబడి ఇద్దరూ ఒక్క పూటైనా మూయలేదు. రామమందిరం భజనలో ఈయనది పాట, బావది మద్దెల. ఇద్దరూ కొట్లు వదిలి రాకపోవడంతో భజనే ఆగిపోయింది. ఈమధ్యే రాజీపడి, ప్రతి మంగళవారం మధ్యాహ్నం నుంచి ఇద్దరూ మూస్తున్నారు; ఇవాళ మంగళవారమే.

“ఆడు తెరిస్తే నానూ తెరవాల. భజన మళ్లీ పోతాది. అదే బయం బాబూ,” అన్నాడు. “ఇప్పుడు మజ్జాన్నం కంటినిండా నిద్దరోతన్నాం. పోయిన వారం కొత్త పాట కట్టినాను. భజన జనమంతా కలిసి ఆస్పత్రి కాడ గంజి పోస్తన్నాం.”

ఆయన కాళ్ల దగ్గర గుడ్డ చుట్టిన మద్దెల ఉంది. బావదేనట, కొత్త తోలు వేయించి తీసుకెళ్తున్నాడు. ఎలా పలుకుతుందోనని చెయ్యి చాపాను. చటుక్కున పట్టుకున్నాడు.

“ఆగండి బాబూ. తొలి దెబ్బ ఆడిదే.”

మద్దెలను ఒళ్లోకి తీసుకుని, దానిమీదే తల వాల్చి, ఊరొచ్చేదాకా నిద్రపోయాడు.