సొర నూనె పూసిన ట్రైలరు

ఛత్రపూర్ దాటాక లారీ రోడ్డు వదిలి ఇసుకలోకి దిగింది. మధ్యాహ్నం వేళ. సముద్రం వైపు నుంచి గాలి. సరుగుడు చెట్ల మధ్య వరసగా డేరాలు, చుట్టూ ముళ్లతీగ, ఒక నీళ్ల ట్యాంకు. గేటు దగ్గర సెంట్రీ నా సంచి విప్పించాడు. ఒక చీర, ఒక దుప్పటి, మైనం ముద్ద, సూదులు. సూదుల పొడవు చూసి నవ్వాడు.

"వీటితో ఎవరిని పొడుస్తావు?"

"తెరసాపలు కుట్టే సూదులు బాబూ," అన్నాను.

మిలట్రీలో నువ్వేం చేశావని మా వాడలో ఆడవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. తుపాకీ పట్టలేదు. డేరాలు కుట్టాను. నాకొక ఖాకీ కోటు ఇచ్చారు, ఒక నంబరు ఇచ్చారు. అప్పటికి నాకు అక్షరం రాదు. వేలిముద్ర వేశాను. నా పెనిమిటి రంగూను వెళ్లాడు. యుద్ధం అక్కడికి పాకిన తర్వాత కబురు లేదు. కూతురు మా అమ్మ దగ్గర, గోపాలపురం పక్క మా వాడలో ఉండేది.

మాది మలేరియా దళం. దోమల మందు కొట్టేవాళ్లు, ఒక హవల్దారు, ఒక డ్రైవరు, వంటవాడు, వడ్రంగి. పైన డాక్టరు కెప్టెను. ఆయనది రాజమండ్రి వైపు. వర్షాలు తగ్గాక ఆయన మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆర్డరు చదివాడు. బరంపురం, ఆస్కా, రస్సెల్‌కొండ, అక్కడి నుంచి ఘాటు పైకి. చలికాలమంతా టూరు. ఆయన భార్య, మూడేళ్ల పాప కూడా వెంట వస్తారు.

"అమ్మగారు డేరాలో పడుకోలేరు. పాములు, తేమ. ఈ ట్రైలరును ఇల్లు చెయ్యాలి," అన్నాడు.

జీపు వెనక తగిలించే చిన్న ట్రైలరు అది. రెండు చక్రాలు, నడుము ఎత్తున ఇనపతొట్టి. గుంటల్లో, రాళ్ల మీద, వాగుల్లో జీపు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. తొట్టి అడుగున బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు, స్టవ్వు, నీళ్ల డబ్బా కదలకుండా పెట్టడానికి వడ్రంగి అరలు చేశాడు. పైన పలకలు పరిస్తే పడక. పగలు వాటిని తీసి నిలబెడితే కూర్చునే చోటు. నేను వెదురు బద్దలు వంచి గూడుబండికి కట్టినట్టు గూడు కట్టాను. పారేసిన పెద్ద డేరా ఒకటి విప్పి దాని గుడ్డతో కప్పు కుట్టాను. రెండు పక్కలా కిటికీలు, వాటికి దోమతెర, పైన చుట్టి కట్టే గుడ్డ తడక. వెనక గుమ్మం. ఒక పక్క గుడ్డ చుట్టి ఉంచాను. విప్పి రెండు చెట్లకు కడితే వసారా అవుతుంది. ప్రతి కుట్టూ రెండు వరసలు.

అమ్మగారు చూడటానికి వచ్చింది. లోపల కూర్చుని, కిటికీ తెరిచి మూసి, పాపను పడుకోబెట్టి చూసింది.

"ఎంత బాగా కుట్టావు! టూరు అయిపోగానే ఆయనకు కటకం బదిలీ. ఇంట్లోకి ఒక మనిషి కావాలి. వెనక గది కూడా ఉందట. నీకు పిల్లలా?"

"ఒక్కర్తే కూతురమ్మా."

"ఆ గదిలో ఇద్దరు పడతారు," అంది. అంతే అంది. నేను దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకున్నాను.

ఆ సాయంత్రమే మా తమ్ముడికి కబురు పంపి సొర నూనె డబ్బా తెప్పించాను. మా పడవలకు సొరచేప కాలేయం కరిగించిన నూనె పూస్తాం. కర్ర కుళ్లదు, నీళ్లు పట్టదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ నూనె మా ఒంటిని, ఇంటిని, గుడ్డల్ని అంటుకునే ఉంటుంది. దానికి వాసన ఉందని మాకు తెలియదు. గూటికి లోపల, బయట మూడు పూతలు పూశాను. పలకలకూ పూశాను. మెరిసింది. నాకు చాలా గొప్పగా అనిపించింది.

తెల్లారి బయల్దేరాం. జీపు, ట్రైలరు, వెనక లారీ. బరంపురం బడా బజార్‌లో జీపు ఆగింది. ఒక కోమట్ల ఆడబడుచు ట్రంకుపెట్టెతో ఎదురుచూస్తోంది. నాకన్నా చిన్నది. మొగుడు పోయాడు. పాపకు ఆయాగా అమ్మగారు పిలిపించుకుందట. ఈ కొత్త ఒరిస్సా రాష్ట్రంలో ఏ ఊరు పోయినా ఒడియా కావాలి కదా. ఆమెకు ఒడియా మంచినీళ్ల ప్రాయం. నాకు చేపలు అమ్మే ఒడియా మాత్రం వచ్చు.

ఆమె ట్రైలరు గుమ్మంలోకి తల పెట్టింది. వెంటనే వెనక్కి తీసింది.

"ఓలమ్మో! ఏటప్పా ఇది, దీంట్లో ఎవరు సచ్చిపోనారు?"

హవల్దారు పగలబడి నవ్వాడు. అతనిది ఆస్కా. "శుకువా గాడీ! ఎండుచేపల బండి!" అన్నాడు. టూరు అంతా ఆ పేరే ఉండిపోయింది.

బరంపురం శివారు అంకులి దాటకముందే కుక్కలు పట్టుకున్నాయి. ముందు రెండు, తర్వాత ఒక మంద. డ్రైవరు స్పీడు పెంచితే అవీ పెంచాయి. మొదటి మకాంలో అవి ట్రైలరు చుట్టూ కూర్చున్నాయి. అమ్మగారు చేప ముట్టని మనిషి. చెంగు ముక్కుకు కట్టుకుని కూర్చుంది. నేను నీళ్ల చెంబు ఇస్తే మొహం పక్కకి తిప్పి అందుకుంది.

ఆయా పని మొదలుపెట్టింది. పలకలు తీసి కుంకుడు రసంతో తోమింది. నిమ్మతొక్కలతో రుద్దింది. వేపాకు పొగ, ఆ మీద సాంబ్రాణి. పొద్దు వాలేసరికి లోపల గుడిలా వాసన వచ్చింది. పాప ఆమె చంక దిగలేదు.

"నువ్వు రాకపోతే నేను రేపే తిరిగి వెళ్లిపోయేదాన్ని," అని అమ్మగారు ఆమెతో అంది. నాకు వినపడేలాగే అంది.

ఆ రోజు నుంచి ఆయా పడక ట్రైలరులో, పాప పక్కన. నా పడక లారీ కింద, వడ్రంగి పనిముట్ల పక్కన. పొద్దున్నే ఆమె నేను కుట్టిన కిటికీ తడక ఎత్తి చుట్టి కట్టేది. ముడి సరిగ్గా వేసేది కాదు, జారిపోయేది. మళ్లీ కట్టేది. నేను దూరం నుంచి చూస్తూ పళ్లు కొరుక్కునేదాన్ని.

"కళ్లతో ఆ బండిని కాల్చేస్తావేటి?" అన్నాడు డ్రైవరు ఒకరోజు. అతనిది సోంపేట.

"నా బండిని నాను సూసుకుంతన్నాను. నీకేటి?"

"నీ బండి ఎప్పుడయిందే? గవర్మెంటుది."

"కుట్టినోల్లదే."

"అయితే మా అమ్మ కుట్టిన సొక్కా ఏసుకుని నాను మా అమ్మనైపోవాల," అన్నాడు. లారీ మీద అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రస్సెల్‌కొండ దాటాక ఘాటు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో గులకరాళ్ల దారి. రోజూ ఊళ్లు, గుడిసెల్లో మందు, పరీక్షకి రక్తపు చుక్కలు గాజుముక్కల మీద. ఊళ్లలో ఆడవాళ్లతో మాట్లాడి పిల్లల్ని బయటికి తెచ్చేది ఆయానే. కెప్టెను కూడా ఆమెనే పిలిచేవాడు. నన్ను తాడు తెగినప్పుడు పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. తుపాను వాన. మగవాళ్లంతా పై ఊళ్లో ఉన్నారు. లారీ కిందికి నీళ్లు కాలవలా వచ్చాయి. నా దుప్పటి తేలిపోయింది. ట్రైలరు గుమ్మం తెర కదిలింది. ఆయా తల బయట పెట్టింది.

"అప్పా! అక్కడేటి సేస్తన్నావు? లోపలికి రా!"

వెళ్లాను. కట్టిన తర్వాత నేను అందులోకి ఎక్కడం అదే మొదటిసారి. పైన వాన దబదబలాడుతోంది. లోపల పొడి. పాప పలక మీద నిద్రపోతోంది. అమ్మగారు తొట్టి అంచుకు ఆనుకుని ఏదో అల్లుకుంటోంది. ఆయా తన దుప్పటి నా భుజాల మీద కప్పి పక్కకు జరిగింది.

"కాల్లు సాపుకో అప్పా. మొహమాటపడకు," అంది.

నా ఒళ్లు మండిపోయింది. నా ఇంట్లో నన్ను మొహమాటపడొద్దని చెబుతోంది. అక్కను పిలిచినట్టు అప్పా అని, ఆమె మంచిగానే అంది. ఆ మంచితనమే నాకు మింగుడుపడలేదు.

అమ్మగారు కప్పును వేలితో తట్టి చూసింది. "ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు," అంది. నా వైపు తిరిగి నవ్వింది. అంకులి తర్వాత అదే మొదటి నవ్వు.

"ఆ కంపు దెబ్బకి వాన కూడా లోపలికి రాడానికి జంకింది," అంది ఆయా. ముగ్గురం నవ్వాం. నేను కూడా. ఆ నవ్వులో నాకు కటకంలో వెనక గది కనిపించింది. అందులో నా కూతురు.

చలి తగ్గేసరికి దిగి వచ్చాం. ఛత్రపూర్ క్యాంపులో సగం డేరాలు అప్పటికే ఎత్తేశారు. మా దళాన్ని రద్దు చేశారని హవల్దారు చెప్పాడు. ఖాకీ కోట్లు అప్పగించాం. ట్రైలరును కెప్టెను తనతో తీసుకెళ్లడానికి అనుమతి తెచ్చుకున్నాడు. సెలవుల్లో కుటుంబంతో చిలకా సరస్సు వైపు మకాం వేస్తారట.

అమ్మగారు నన్ను పిలిచింది. చేతిలో చీర పెట్టింది. కొత్తది.

"నువ్వు కుట్టింది పదేళ్లు చెక్కుచెదరదు. అంత బాగా చేశావు. ఇంక అందులో కుట్టడానికి నీకేం మిగిలింది చెప్పు?" అంది. చాలా ప్రేమగా అంది. "పాప ఆయాను వదలడం లేదు. కటకంలో ఒడియా వచ్చిన మనిషి ఉంటే నాకూ సుళువు."

అయితే నేను చెడగొట్టి కుట్టాల్సిందా అని అడగాలనిపించింది. "చిత్తం అమ్మగారూ," అన్నాను.

జీపు స్టార్టు చేస్తుండగా ఆయా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అప్పా, ఈ తడక ముడి నాకు నిలవటం లేదు. ఎలగెయ్యాలో సూపించి ఎల్లు."

చూపించాను. రెండుసార్లు. మూడోసారి ఆమె చేత వేయించాను. నిలిచింది.

బండి ఇసుక దాటి రోడ్డెక్కింది. నేను కంచె దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయా వెనక గుమ్మంలో కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. చేయి ఊపుతుందనుకున్నాను. ఊపలేదు. నా వైపు చూడనే లేదు. జడ విప్పింది. ఒళ్లోంచి దువ్వెన తీసింది. పొద్దున్నే పనులయ్యాక తన ఇంటి గుమ్మంలో కూర్చున్న ఆడమనిషిలా, తొందర లేకుండా, జుట్టు దువ్వుకుంటూ వెళ్లిపోయింది.

నా కూతురికి పెళ్లయింది. దాని పిల్లలతో పాటు నేనూ అక్షరాలు దిద్దాను. ఘాటు, వాన, కుక్కలు, అన్నీ కొంచెం కొంచెం చెరిగిపోతున్నాయి. ఆ దువ్వెన మాత్రం అలాగే ఉంది, పైనుంచి కిందికి, పైనుంచి కిందికి.