తిరిగి రాని సాయంత్రం విమానం

మా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం ఉండేది కాదు... విమానం ఉండేది.

పెడనలో కాలవ గట్టున మాది కలంకారీ అద్దకం పని. నాన్న బల్ల మీద బట్ట పరిచి అచ్చులు వేసేవాడు. అమ్మ ఆ బట్టని కాలవలో జాడించి, పెద్ద రాగి కాగులో ఎర్రరంగు నీళ్లలో ఉడికించేది. ముందుగా తీస్తే రంగు పట్టదు... ఆలస్యమైతే అచ్చు వేయని తెల్లచోట్లకి కూడా ఎరుపెక్కుతుంది. ఇక ఎన్ని ఎండలకి ఆరేసినా పోదు.

ఆ వేళ అమ్మకి ఆకాశమే చెప్పేది.

నేను బడి నుంచి వచ్చి సంచి దించేసరికి మద్రాసు నుంచి గన్నవరం వెళ్లే విమానం మా మీదుగా పోయేది. అది వెళ్లగానే బట్ట కాగులో పడేది. గన్నవరంలో జనాన్ని దింపి, కొత్తవాళ్లని ఎక్కించుకుని అదే దారిన మద్రాసుకి తిరిగొచ్చేసరికి సరిగ్గా ఉడికేది. పొయ్యి రొదలో, పొగలో అమ్మకి ఆ చప్పుడు వినపడేది కాదు. వినడం నా పని.

అప్పుడు నేను ఆరో తరగతి. మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే...

ఆ ఏడు హైదరాబాద్ నుంచి ఒక షాపాయన వచ్చి, ఒక తాను బట్ట అద్ది చూపించమన్నాడు. నచ్చితే ఏడాది పొడవునా పని. నచ్చకపోతే అందరం బంటుమిల్లి అవతల చేపల చెరువుల కాపలాకి వెళ్లిపోదామని నాన్న అన్నాడు. చెరువు గట్టు మీద పాక. అక్కడికి బడి ఎంత దూరమని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని భయం.

ఆ తాను ఉడికించే రోజు పొద్దున బడిలో, ప్రార్థన దగ్గర, వార్తలు చదివే వంతు నాది. గట్టిగా, తప్పుల్లేకుండా చదివాను. అందులో ఒక వార్త... గన్నవరం విమానాశ్రయంలో సర్వీసులు పెంచుతున్నారని, సాయంత్రం మద్రాసు నుంచి వచ్చే విమానం ఇవాళ్టి నుంచి అక్కడే తిరుగుముఖం పట్టకుండా విశాఖపట్నం దాకా వెళ్తుందని. టీచర్ గారు బాగా చదివావన్నారు. ఆ మెప్పుతోనే ఇంటికొచ్చాను.

విమానం వెళ్లింది. అమ్మ తానుని కాగులోకి దించింది.

నేను గట్టు మీద నిలబడి విన్నాను. బందరు రోడ్డు మీద లారీ పోయింది. ఎవరిదో మోటారు ఆగింది...

"ఏమే, వచ్చిందా?"

"ఇంకా లేదమ్మా."

పక్కింటి అత్త మా పద్ధతిని ఎప్పుడూ ఆటపట్టించేది. ఆ రోజూ గోడ మీంచి తొంగి చూసి, "అదేవన్నా మీ ఇంటల్లుడా వదినా, చెప్పిన టైముకి రాటానికి?" అంది. అమ్మ నవ్వింది. కర్రతో బట్టని తిప్పుతూనే ఉంది. వానాకాలంలో ఒకటి రెండుసార్లు విమానం ఆలస్యమైంది కానీ, అసలు రాకపోవడం ఎప్పుడూ లేదు. ఇవాళ కూడా వస్తుందనుకుంది.

నేను గట్టు చివరిదాకా వెళ్లి నిలబడ్డాను. చెవులు రిక్కించి విన్నకొద్దీ అన్నీ విమానాల్లాగే వినపడుతున్నాయి. అబద్ధం చెప్పి వచ్చిందనేద్దామా అనిపించింది... చెప్పినా బాగుండేది.

కొంగలు గూళ్లకి మళ్లాయి. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున నా నోటితో నేనే చదివిన మాట... విశాఖపట్నం దాకా వెళ్తుంది.

"అమ్మా, తీసెయ్" అని అరిచాను. ఎందుకో అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

తాను బయటికి తీస్తే తెల్లగా ఉండాల్సిన చోటంతా ఇటుక రంగు. నాన్న వారం రోజులు గట్టున ఆరేసి నీళ్లు చల్లాడు. పోలేదు. షాపాయన వచ్చి అంచు పట్టుకుని చూశాడు. "పనితనం ఉందండీ... రంగే నమ్మకంగా లేదు" అని నెమ్మదిగా మడత పెట్టి ఇచ్చేశాడు. నాన్న ఆయనకి మంచినీళ్లిచ్చి బస్సు దాకా సాగనంపాడు.

తర్వాత సామాను సర్దడం మొదలైంది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు అమ్మ బజారుకెళ్లి ఒక గోడ గడియారం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మీ నాన్న ఒక్కడే ఎల్తాడు. నేనిక్కడ పక్కోళ్ల బట్ట ఉడకబెడతా. ఇక ఇమానాన్ని నమ్మను. దీన్ని సూత్తా నువ్వు పొయ్యి కాడ కూసుంటే బడి పోద్ది. ఇది నాకు నేర్పు."

వాకిట్లో పన్నెండు ముగ్గు చుక్కలు పెట్టి, రెండు కొబ్బరి ఈనెలు ముళ్లుగా తిప్పుతూ నేర్పాను. చిన్న ముల్లు దగ్గర తడబడేది. నేను విసుక్కునేదాన్ని... తప్పు నాదని తెలిసి కూడా.

నాన్న చెరువుల మీదనుంచి రెండేళ్లకి తిరిగొచ్చాడు. నా బడి ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఇప్పుడు నేను గుడ్లవల్లేరు దగ్గర ఒక బడిలో టీచర్ని. మొన్న ప్రార్థన దగ్గర కొత్తగా చేరిన ఒక పాప, గన్నవరం నుంచి ఇంకొన్ని ఊళ్లకి విమానాలు వేస్తున్నారని, కొన్నిటి దారి మారుస్తున్నారని గడగడా చదివేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పాపని దగ్గరికి పిలిచాను. "దీనివల్ల మీ ఇంట్లో ఏమైనా మారుతుందా అమ్మా?" అని అడిగాను. పాప నా వంక వింతగా చూసింది... ఏ వార్త చదివినా పిల్లల్ని నేను ఇదే అడుగుతాను.

ఇప్పుడు మా పెడన మీదుగా ఎన్నో విమానాలు. ఏది ఎక్కడికి వెళ్తుందో ఎవరూ తలెత్తి చూడరు. అమ్మ మాత్రం చప్పుడు వినగానే ఒకసారి పైకి చూసి, వెంటనే గోడ వైపు తిరుగుతుంది.

మీ ఇళ్లలో వేళ దేన్ని బట్టి తెలిసేది? రైలు కూతా, మిల్లు సైరనా, ఎవరైనా మనిషి నడకా? రాయండి, చదువుతాను.

అమ్మకి గడియారం చదవడం వచ్చు, అక్షరాలు రావు. ఈ రాసిందంతా నేనే చదివి వినిపించాలి... రెండుసార్లు ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.