కలకు సాక్షి

మొన్న గంధం పండగకు అల్లూరు పక్కనున్న దర్గాకు పోతే, వసారాలో ఒక చిన్నకోడలు మోకాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉంది. పక్కన చాప, చెంబు, కాపలాగా అత్త. "ఎన్నాళ్ళయిందమ్మా వచ్చి?" అన్నాను. "దీనికింకా కల రాలా తాతా" అని అత్త జవాబిచ్చింది. కల కనాల్సింది కోడలు, నోరు మాత్రం అత్తది! నాకు ఒళ్ళు మండింది. బడి మొహం చూడకుండా అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. ఆ చదువంతా కోపానికే ఖర్చవుతోందని మా ఇంట్లో అంటారు. అననీండి. ఆ వసారాలోనే మా అక్క బతుకంతా తెల్లారింది.

పుట్టిన బిడ్డ దక్కకపోయేసరికి అక్క అత్తింట్లో మాట మానేసింది. గాలి సోకిందని తేల్చి అత్తా, బావా దర్గాలో దించి పోయారు. అక్కడొక పద్ధతి ఉంది. ఏ కులం వాళ్ళయినా సరే, బాబా కలలో కనిపించి "ఇక పో" అని సెలవిచ్చేదాకా ఉండాల్సిందే. అప్పటికి నాకు మీసాలొచ్చాయి. మా ఊరు విడవలూరు నుంచి సైకిలు మీద చద్దిమూట, చేపల పులుసు తీసుకుపోయేవాణ్ణి. అత్తింట్లో మూగబోయిన మనిషి, అక్కడ పూలమ్మే బీబమ్మతో గలగలా మాట్లాడుతుండేది!

కల కూడా త్వరగానే వచ్చింది. తెల్లబట్టల పెద్దాయన దర్గా ఊడుస్తున్న అక్క చేతిలోని చీపురు తీసుకొని "చాల్లే తల్లీ, ఇంటికి పో" అన్నాడట. దర్గా చూసుకొనే ముజావరు గారు సంతోషించి నాతోనే కబురంపారు. అత్తగారు విని మూతి తిప్పింది. "ఆడది కన్న కలకి సాక్షి ఎవురయ్యా? మావోడి కలలోకొచ్చి చెప్పమను, అప్పుడు తోలుకొస్తాం."

మా బావ నిద్రపోతే ఆ గురకకు పక్కింటి దూడ బెదిరేది. అందులో బాబాకు చోటెక్కడ? పోయినప్పుడల్లా అడిగేవాణ్ణి, "బావా, వచ్చిందా?" అని. "రాలా అబ్బయా. కన్ను మూస్తే తెల్లారిపోతాండాది, నేనేం చేసేది?" అనేవాడు. మా నాయననడిగితే, మొగుడు పిలవకుండా తెచ్చుకుంటే ఊరేమంటుందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాబా సెలవిచ్చాడు, మనుషులే ఇవ్వలేదు. ముజావరు గారు గేటు తెరిచే ఉంచారు. ఆ గేటు దాటితే అక్కకు పోవడానికి ఊరు లేదు. సాంబ్రాణి పొగలో మల్లెలు కడుతూ, రోడ్డున పోయే బస్సుల్ని చూసేది. "వీళ్ళందరికీ కలొచ్చిందా అబ్బయా?" అని ఒకసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్క జడ నెరిశాక, అత్తగారు పక్షవాతంతో మంచాన పడింది. ఎత్తి దించడానికి మనిషి కావాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా బావకు కల వచ్చింది! ఆటో మాట్లాడుకొని దిగాడు. "బాబా చెప్పినాడు మే. మూట సర్దుకో, పోదాం."

అక్క కడుతున్న మాలకు ముడివేసి, దారం పంటితో కొరికింది. "నాకు మళ్ళా చెప్పలేదే! నీ కలకి సాక్షి ఎవురు? నా కలలో కూడా వచ్చి చెప్పమను, అప్పుడొస్తా."

బీబమ్మ నవ్వుకు గుమ్మటం మీది పావురాలు లేచిపోయాయి. బావ ఖాళీ ఆటోలో వెనక్కి పోయాడు. అక్క గెలిచిందని నేననను. చివరికి ఆ వసారాలో చాప మీదే కన్నుమూసింది.

మొన్న ఆ చిన్నకోడలితో చెప్పి వచ్చాను, "కలొస్తే ఎవరూ అడక్కముందే నా పేరు చెప్పమ్మా, సాక్షి నేనుంటా" అని. వాళ్ళత్త నన్ను కొరకొరా చూసింది. చూడనీ. చుట్టూ వరిమళ్ళు రొయ్యలగుంటలయ్యాయి, బస్సులకు రంగులు మారాయి. అన్నిచోట్లా పరుగులు తీసే కాలం, ఆ వసారా మెట్టు దగ్గర మాత్రం చెప్పులు విడిచి ఇంకా కూర్చొనే ఉంది.