గీకనివ్వని నంబరు

మా పై ఫ్లాట్ ఆయన పోయారు. ఛాతీ పట్టుకుని, దవాఖానకు చేరేలోపే. వాట్సాప్ గ్రూపులో మొదటి సంతాపం మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడిది: "మంచి మనిషిని కోల్పోయాం." బతికుండగా ఆ మంచి మనిషికి ఈయన పెట్టిన పేరు తుక్కు సేటు. ఈ ముక్క అధ్యక్షుడు కూడా చదువుతారనే రాస్తున్నాను.

పై ఫ్లాట్ ఆయనది నల్లగొండ పక్క పల్లె. మస్కట్‌లో ఏళ్లపాటు క్రేన్ నడిపి, తిరిగొస్తూ అక్కడి తన మోటార్‌సైకిల్‌ను ఓడలో వేయించుకుని ఎల్బీనగర్ తెచ్చుకున్నారు. సుంకం కట్టారు. ఇక రిజిస్ట్రేషన్ నంబరు రావడమే మిగిలింది. అది రాలేదు. ఆ మోడల్ కంప్యూటర్‌లో లేదన్నాడు రవాణా ఆఫీసు గుమాస్తా. బండి ఆ గుమాస్తా కిటికీ బయటే ట్రాలీలో నిలబడి ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ బ్రోకర్ మా గేటు దాకా వచ్చి ఉపాయం చెప్పాడు. తుక్కుకు పోయిన లోకల్ బండి కాగితాలు తెస్తాడు. హ్యాండిల్ కింద కంపెనీ చెక్కిన ఛాసిస్ నంబరు గీకేసి, ఆ పాత బండి నంబరు కొట్టిస్తాడు.

"అందరు చేసేదే కాకా. వారంల రోడ్డెక్కుతది."

"నీ పేరు గీకి సచ్చినోని పేరు పెడితే ఊకుంటవా? జర అవతలికి పో."

మొండితనం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. చాలామంది కథానాయకులు సగంలోనే రాజీపడతారు. ఈయన పడలేదు. ఆదివారాలు సెల్లార్‌లో ఇంజను ఆడించేవారు, నంబరు లేదని గేటు మాత్రం దాటించలేదు. చప్పుడని అధ్యక్షుడు నోటీసు అంటిస్తే, దాని కిందే నిలబడి ఆడించారు.

దరఖాస్తు పెట్టినప్పుడల్లా ఛాసిస్ నంబరు ముద్ర కావాలి. నంబరు మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దాలి. కాగితం ఆయన భార్య పట్టుకునేది, కదలకుండా ఆమె చేతిని ఆయన అదిమిపట్టేవారు.

"గట్టిగ వట్టు, కదిలితే మల్ల మొదట్నుంచి."

"పెండ్లిల గూడ నా చెయ్యి గింతసేపు పట్టుకోలేదు గదయ్యా!"

దినాల రోజు అధ్యక్షుడు ఆ బ్రోకర్‌నే వెంటబెట్టుకొచ్చారు. "ఇంకెందుకమ్మా ఈ తలనొప్పి? ఇతనికి ఇచ్చెయ్యండి, ఏదో ఒక నంబరు వేసుకుంటాడు."

ఆమె ఇద్దరి విస్తళ్లలో నెయ్యి వేసింది. "తినుండ్రి. ఆయన పోయిండు, బండి పోలే."

ఇప్పుడు దరఖాస్తు ఆమె పేర మళ్లీ పెట్టాలి. నిన్న సెల్లార్ నుంచి కేకేసింది. "అన్నా, జర కాగితం పట్టు."

పట్టుకున్నాను. ఆమె పెన్సిలు ఏటవాలుగా పెట్టి రుద్దుతోంది. నల్లటి మరకలోంచి అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలుతున్నాయి.