ఆయన వేషాలకు నేను చేసిన పళ్ళు

డెబ్బైల చివర్లో, షికాగో శివార్లలోని ఒక చిన్న డెంటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మన దేశంలో పళ్ళ డాక్టరుగా చదివి వచ్చినా, ఇక్కడి లైసెన్సు పరీక్షలు ఇంకా రాయలేదు. అందుకని రోజంతా మైనంతో, ప్లాస్టర్‌తో కట్టుడు పళ్ళు చేస్తూ కూర్చునేదాన్ని. ల్యాబ్ నిండా తెల్లటి పొడి. కిటికీ బయట మంచు. కొన్ని మధ్యాహ్నాలు ఏది ఎక్కడ రాలుతోందో తెలిసేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన వచ్చారు. యాభై దాటి ఉంటాయి. చూసిన మరుక్షణం మరిచిపోయే ముఖం. నాటకాల్లోనూ సినిమాల్లోనూ చిన్న చిన్న వేషాలు వేస్తారట.

“నాకో పాస్టర్ పళ్ళు కావాలి, డాక్టర్.”

“నేను డాక్టర్ని కాదు. టెక్నీషియన్‌ని.”

“మీ దేశంలో?”

“అక్కడ డాక్టర్నే.”

“మరి చదువంతా విమానంలో మరిచిపోయి దిగారా?” అని నవ్వారు. ఈ దేశంలో నన్ను మొదట డాక్టర్ అని పిలిచింది ఆయనే.

ఆ పాస్టర్ నవ్వితే జనం నమ్మాలట, ఇంటికి వెళ్ళాక అనుమానపడాలట. ఆయన పళ్ళ మీద తొడుక్కునేలా, పై వరసంతా మరీ తీరుగా, ఒకే ఎత్తులో చేశాను. అవి పెట్టుకుని ఆయన ఇటు తిరిగేసరికి ఎవరో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. గొంతు కూడా మారింది.

తర్వాత జడ్జి వచ్చాడు, ముసలి బాక్సర్ వచ్చాడు, గుర్రాలకు తర్ఫీదిచ్చేవాడు వచ్చాడు. అందరూ ఆయనే. “ఈ మనిషి ఏం తింటాడు?” అని అడిగేదాన్ని. ఆయన కళ్ళు మూసుకునేవారు. “ఎండిన మాంసం. నిలబడే తింటాడు. ఎడమవైపు నములుతాడు.” ఏ పన్ను ఎంత అరగాలో నాకు తెలిసిపోయేది.

నేను పరీక్షలు పాసై సొంత క్లినిక్ పెట్టుకున్నాను. ఆయన లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయారు. అప్పుడప్పుడూ టీవీలో రెండు నిమిషాలు కనబడేవారు. మావారు ఏనాడూ గుర్తుపట్టలేదు. మా అమ్మాయి మాత్రం సోఫా మీద గెంతేది. “అమ్మా, లుక్! టీత్ అంకుల్ వచ్చింది!”

ఎనభైల చివర్లో ఒకరోజు ఆయన నా క్లినిక్‌లో ప్రత్యక్షమయ్యారు. చిగుళ్ళు పాడై పళ్ళన్నీ తీయించుకున్నారు.

“ఏ వేషానికి?” అన్నాను అలవాటుగా.

“ఈసారి నాకే, డాక్టర్.”

శ్రద్ధగా చక్కటి సెట్టు చేశాను. వారం తిరగకుండానే వెనక్కి తెచ్చారు.

“బాగున్నాయి. కానీ అద్దంలో ఎవరో ఉన్నారు. నావి ఇలా ఉండేవి కావు.”

“ఎలా ఉండేవి?”

ఆయన చాలాసేపు ఆలోచించారు. గుర్తు రాలేదు. నాకూ ఆయన వేషాల పళ్ళే గుర్తున్నాయి; అప్పటి అచ్చులు పాత ల్యాబ్‌తోనే పోయాయి. చివరికి నా టేబుల్ మీది ఫోన్ తీసుకుని నెబ్రాస్కాలో ఉన్న అక్కయ్యకు చేశారు. “నా పళ్ళు ఎలా ఉండేవే?” అని అడిగారు. అవతల ఆవిడ నవ్వు నాకూ వినిపించింది. ముందు పళ్ళలో ఎడమది పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉండేదట. కింది వరసలో ఒక సందు ఉండేదట, చిన్నప్పుడు అందులోంచి ఈలవేసేవాడట. ఆయన చెబుతుంటే నేను కాగితం మీద గీసుకున్నాను.

రెండోసారి చేసినవి పెట్టుకుని ఆయన అద్దంలో చూసుకున్నారు. నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ మెల్లగా కుర్చీ మీదికి పాకింది. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారని తెలిసినా నాకు లేవాలనిపించలేదు.

మరో రెండేళ్ళు నటించి, అక్కయ్య దగ్గరికే వెళ్ళిపోయారు. ఆ వేసవిలో ఉత్తరం వచ్చింది. పెరట్లో కాసిన మొక్కజొన్న పొత్తును, అందరూ వద్దంటున్నా వినకుండా, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కొరికి తిన్నారట. ఒక్క పన్నూ కదల్లేదట.