పిలవడం మరిచిన పేరంటాలు

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు, ఆ శాఖ ఏదైనా సరే, విన్నపము. రెండువేల సంవత్సరం తొలినాళ్లలో నాతోపాటు పిల్లలుగా ఉన్న నా మిత్రులు సాక్షులు.

భద్రాచలం రోడ్డుపై ఉన్న ఆ ఫ్యామిలీ రెస్టారెంటు మా తాతగారి పాత మండువా ఇల్లు. అటక మీది ఇప్పపువ్వు వాసన ఏసీలోనూ పోలేదు. పసుపుకుంకుమలతో పోయిన మా చిన్ననాయనమ్మే ఆ ఇంటి పేరంటాలు, మేం కొలిచే దేవత. వంటింటి మూల తొలిముద్ద ఆమెకే పెట్టేవాళ్లం, మిత్రులారా, గుర్తుందా? ఇల్లు అమ్మినప్పుడు తలుపులు సైతం తెచ్చుకున్నాం. "మాతో రా తల్లీ" అని ఆమెను పిలవడం మాత్రం మరిచాం.

నిన్న ఆ వంటింటి గోడను ఆనుకున్న మూల టేబుల్ దగ్గర కూర్చోబోతే సర్వర్ ఆపాడు.

"ఆడ వద్దు సార్. మీరు ముట్టకముందే అన్నం సగమైతది."

"మరి మీ ఓనర్ ఏమంటడు?"

"ఏమంటడు, బిల్లు పూర్తిగనే ఎయ్యమంటడు. రేపు ఆ గోడ పలగ్గొడ్తున్రు."

కావున ఈ డిమాండ్లు నమోదు చేయడమైనది:

1. ఈ రోజు గోడ కూల్చేలోపు ఆమెను పిలుచుకొనుటకు మమ్ములను వంటింట్లోకి అనుమతించవలెను.

2. ఆమె పలికే వరకు మమ్ములను బయటికి పంపరాదు.