మరిగించని సూది

పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. మాది కొల్లేటి లంక. వానలు తగ్గితే చాలు, ఇంటింటా చలిజ్వరమే. క్వినైన్ సూదికి పడవెక్కి ఏలూరు వెళ్లాలి. తిరుగు పడవ తప్పిందా, ఇక రేవులో పడిగాపులే. అందుకే డాక్టరుగారి గుమ్మంలో కూర్చున్నా మావాళ్ల చెవులు కాలవ వైపే ఉండేవి. ఆయనేమో ఒక్కొక్కరికీ సూది నీళ్లలో మరిగించి గానీ వేసేవారు కాదు. ఆ గిన్నె కేసి చూస్తూ అందరూ సణుక్కునేవారు.

ఒక రోజు జ్వరంతో ఉన్న మా ఆయన్ని తీసుకెళ్లాను. రేవులోంచి పడవవాడి కేక వినబడింది.

"ఏవండీ, పడవ వెళ్లిపోతుందండీ! కాస్త త్వరగా కానివ్వండీ" అంటూ జనం డాక్టరుగారి మీద పడ్డారు.

ఆయన ముందు మనిషికి వేసిన సూదినే స్పిరిటు దూదితో తుడిచి మా ఆయన కుడి జబ్బకు గుచ్చేశారు.

"మరిగించలేదండీ" అన్నాను.

"ఏం కాదమ్మా, వెళ్లండి" అన్నారు, నా కేసి చూడకుండా.

వారం తిరక్కుండానే జబ్బ వాచిపోయింది. నాగలి పట్టే చెయ్యి. అది పోతే మా బతుకేమిటని నాకు కంటిమీద కునుకు లేదు. కోపంతో ఉడికిపోతూ మళ్లీ ఏలూరు వెళ్లాను, మా ఆయన్ని వెంటబెట్టుకుని.

డాక్టరుగారు కట్టు విప్పి చూశారు. నేను నోరు తెరిచేలోపే, అంతమంది ముందూ, "ఇది నా తప్పమ్మా. సూది మరిగించకుండా వేశాను" అన్నారు. దులిపేద్దామని వెళ్లినదాన్ని, ఒక్కటే అడిగాను.

"చెయ్యి దక్కుతుందాండీ?"

"కోసి చీము తీస్తాను. దక్కుతుందనే నా నమ్మకం. కానీ కత్తి మరగాలి, మీకు పడవ తప్పుతుంది."

"పోతే పోనివ్వండీ" అన్నాను.

చెయ్యి దక్కింది. అయితే ఆ గదిలో విన్నవాళ్లు ఊరుకోలేదు. చేతులు పాడుచేసే డాక్టరని లంకలన్నిటా చెప్పుకున్నారు. జనమంతా బజారులోని మరో డాక్టరు దగ్గరికి మళ్లారు. అతను సూది మరిగించగా చూసినవాళ్లు లేరు. ఎవరి జబ్బ వాచినా "అది మీ ఒంటి తత్వమండీ" అనేవాడు. అతని దగ్గర ఎవరికీ పడవ తప్పేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. తప్పు ఒప్పుకోకుండా నోరు మూసుకుని ఉంటే మా డాక్టరుగారి గుమ్మం నిండుగానే ఉండేది కదా అని తలుచుకుంటే, ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

తర్వాత నాకే జ్వరం వచ్చి వెళ్లాను. గుమ్మంలో నరపురుగు లేదు. లోపల పొయ్యి మీద మాత్రం నీళ్లు తెర్లుతున్నాయి.

"ఎవరూ లేరుగా, ఎవరి కోసమండీ ఇవి?"

"ఎవరైనా వస్తే పడవకి తొందరపడతారు కదమ్మా" అన్నారు.

చెయ్యి చాపాను.